కొమ్మ కొసకు చేరని సరుకు

పచ్చ చుక్క మళ్ళీ వెనక్కి తిరిగింది. అంత దూరం వచ్చి, కొమ్మ రెండుగా చీలే చోటు కూడా దాటి, ఇంకొక్క బెత్తెడు వెళ్తే కొసకు చేరేదే. బెత్తెడంటే తెర మీద బెత్తెడు, నిజానికి అది తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఆ కాస్త దూరం పోలేక, ఇంటికి తాళం వేశానో లేదో అని అనుమానం వచ్చిన మనిషిలా ఆగి, ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ ఊగి, వచ్చిన దారినే చక్కాపోయింది. ఆమె పళ్ళు నూరింది. లేచి నాలుగడుగులు వేయడానికైనా లేదు. బయట పదకొండు గంటల ఎండ కాస్తుంటే ఈ గదిలో నల్ల తెరలు దించి ఉన్నాయి, మైక్రోస్కోపు చుట్టూ ఉన్న వెచ్చటి పెట్టెలో గాజు పళ్ళెం, పళ్ళెంలో ఎలుక మెదడు నుంచి తీసి పద్దెనిమిది రోజులు కంటికి రెప్పలా చూసుకున్న నాడీకణాలు, వాటిలో ఒక్కటంటే ఒక్కటి పనికొచ్చేలా ఉంది. దానంతట అదే ఫోకస్ నిలుపుకునే పరికరం పాడై మూడు వారాలైంది. కాబట్టి గంటసేపు సాగే ఈ రికార్డింగు పొడుగునా ఆమె కుడిచెయ్యి ఫోకస్ మర మీద ఉండాలి, అర నిమిషం చెయ్యి తీస్తే కణం మసకలోకి జారిపోతుంది. పన్నెండు నిమిషాలైంది. ఎడమచేతి పక్కన ఫోను బోర్లా పడి ఉంది. అది మోగకుండా ఉంటే బాగుండు. మోగినా బాగుండు.

మోగితే అక్క. ఇంకెవరు చేస్తారు ఈ వేళప్పుడు. పదకొండుకి పిలుస్తామన్నారట, బస్సు డ్రైవర్లకి చేసే వైద్య పరీక్షకి, డిపో వెనక ఉన్న ఆఫీసులో, రెండో అంతస్తు. లిఫ్టు లేదని అక్క నిన్న రెండుసార్లు చెప్పింది, మామూలుగా చెప్పినట్టే చెప్పింది. మెట్లెక్కేటప్పుడు కుడికాలి వేళ్ళు మెట్టు అంచుకి తగులుతాయని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఇదిగో, ఇంకో చుక్క బయల్దేరింది. పోనీ ఇదైనా. పో. పోవే తల్లీ.

కణం కడుపులో తయారైన ప్రొటీను కొమ్మల్లోకి ఊరికే కారిపోదు, దాన్ని మోసుకెళ్ళాలి, తెర మీద పచ్చ చుక్కలుగా వెలిగేది ఆ సరుకే. సన్నటి పట్టాలున్నాయి, పట్టాల మీద అడుగులో అడుగేసుకుంటూ మోసే చిన్న చిన్న మోటార్లున్నాయి, కొన్ని అటు లాగుతాయి, కొన్ని ఇటు లాగుతాయి, ఈ కొమ్మల్లో పట్టాలు కూడా సగం అటు సగం ఇటు. ఎవరిది పైచెయ్యి అయితే సరుకు అటు కదులుతుంది. ఇంత గందరగోళంలో కొసన ఉన్న, పక్క కణం మాట అందుకునే ఒక్క చిన్న మొగ్గకి కావలసింది ఎలా చేరుతుంది అన్నదే ప్రశ్న. ప్రొఫెసరుగారి జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది. మొగ్గ పిలుస్తుంది, సరుకు నేరుగా వెళ్తుంది, అంతే. వ్యాసం రాసేశారు, బాణాలు గీసిన అందమైన బొమ్మ కూడా వేశారు, పరిశోధన పత్రికవాళ్ళు మాత్రం నేరుగా వెళ్తున్నట్టు ఒక్క వీడియో చూపించండి చాలు అన్నారు. ఆ ఒక్క వీడియో కోసం పదకొండు వారాలు. పదకొండు వారాల్లో ఆమె చూసిందల్లా ఇదే, తిరుగుడు. వెళ్ళడం, రావడం, మధ్యలో ఏ మొగ్గ అందుకుంటే దాని పాలబడటం. దగ్గర ఉన్నవాటికి కడుపు నిండుతోంది, కొసన ఉన్నవాటికి చేరేది అంతంతమాత్రం. ఆ సంగతి చెప్తే ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నీ కణాలకు ఒంట్లో బాగున్నట్టు లేదమ్మా అన్నారు. ఆ పూటంతా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. బాగున్నాయండీ, వాటికేం, నిక్షేపంలా ఉన్నాయి, బాగాలేనిది మీ బొమ్మ అని అనాల్సింది. అనలేదు. నీళ్ళు నమిలి, ఇంకోసారి చేస్తానండీ అని వచ్చేసింది. ఎప్పుడూ ఇంతే. అనాల్సిన చోట నోరు పెగలదు, తర్వాత గోడలకు చెప్పుకోవడం.

చుక్క చీలిక దగ్గర ఆగింది. ఆగింది. పక్క కొమ్మలోకి పోయింది. సరే, పో, ఊరేగు. మర కొంచెం తిప్పాలి, మసకబారుతోంది. ఇరవయ్యో నిమిషం. ఈపాటికి అక్కని లోపలికి పిలిచే ఉంటారు. చెప్పులు విప్పమంటారు. విప్పగానే కనిపించదూ, ఆ పాదం మధ్యలో ఎత్తుగా లేచిన వంపు, కొక్కేల్లా ముడుచుకున్న వేళ్ళు, చూసే కన్నుంటే అదొక్కటి చాలు. నాన్నవీ అవే పాదాలు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం నాన్నది, మోకాళ్ళు పైకెత్తి ఎత్తి, నీళ్ళలో నడుస్తున్నట్టు నడిచేవాడు, పాదం నేలకి టప్పున తగిలేది. చదువుకోడానికి వచ్చిన పిల్లలు చాటున కొంగ మేస్టారు అనేవాళ్ళు. ఆయనకి దానికొక పేరుందని కూడా తెలియకుండానే పోయాడు. పేరు ఆమెకి తెలుసు, పేరొక్కటే ఏమిటి, ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా తెలుసు. నడుము దగ్గర వెన్నులో ఎక్కడో ఉంటుంది కణం, దాని చెయ్యి కాలి బొటనవేలి దాకా, మనిషి ఒంట్లో అంత పొడుగాటి చెయ్యి ఇంకే కణానికీ లేదు. వేలి దగ్గర అవసరమైనదంతా నడుము దగ్గర తయారై అంత దూరమూ మోసుకురావలసిందే. కొంత సరుకు రెండు మూడు రోజుల్లో చేరుతుంది, కొంత నత్తలా పాకి పాకి ఏళ్ళు పడుతుంది. మోతలో ఎక్కడ చిన్న లోపమున్నా ముందు ఎండిపోయేది ఆ కొసే. అందుకే పాదాలు. తర్వాత ఎప్పుడో చేతివేళ్ళు. ఇదంతా తెలిసి ఏం ఒరిగింది? ఆపడానికి మందు లేదు. ఏం పరిశోధన చేస్తున్నావే, నా కాలికేమైనా పనికొస్తుందా అని అక్క అడిగినప్పుడల్లా ఇది వేరే కొమ్మలక్కా, నీ కాల్లోది వేరే అని చెప్పేది. నిజమే, వేరే. కానీ ఆ వేరేతనం వెనక ఎంత హాయిగా నక్కిందో తనకే తెలుసు. స్టూలు కింద చెప్పులో తన బొటనవేలిని నొక్కి చూసుకుంది. తెలుస్తోంది. తెలుస్తున్నట్టే ఉంది. రక్తపరీక్ష చేయించుకుంటే ఒక్క వారంలో తేలిపోతుంది, ఆరేళ్ళుగా వచ్చే నెల చేయించుకుందాం అనుకుంటోంది.

పద్నాలుగేళ్ళు. ఆ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి అక్క. చేరిన కొత్తలో జనం ఎక్కబోయి డ్రైవరు సీటు వంక చూసి తర్వాతి బస్సుకి వస్తాంలే అని దిగిపోయేవాళ్ళు, ఆర్నెల్లు తిరక్కుండా అదే జనం అక్క బస్సు కోసం రెండు బస్సులు వదిలేసి నిలబడేవాళ్ళు, ఒక్క కుదుపు ఉండదని. పరీక్షలప్పుడు ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ చదువుకునేది, ఇంట్లో కంటే అక్కడే బుర్రకెక్కేది. నాడీకణం బొమ్మ మొదటిసారి గీసింది కూడా ఆ సీట్లోనే, ఒక్క గీత వంకర పోలేదు. పేరు ముందు డాక్టరు అని తగిలిన రోజున అక్క ఎర్రదీపం దగ్గర బస్సాపి బస్సంతటికీ చెప్పింది, మా చెల్లెలు డాక్టరైంది అని. ఎవరో ముసలాయన మోకాలి నొప్పికి ఏం వాడమంటారో కనుక్కోమ్మా అన్నాడట. ఆ కథ చెప్పి చెప్పి నవ్వేది అక్క. మనుషుల డాక్టరు కాదక్కా అంటే, ఏ డాక్టరైతేనేం, చదివావు కదా పిచుకా అనేది. చిన్నప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తినేదని పెట్టిన పేరు, ముప్పై నాలుగేళ్ళొచ్చినా వదల్లేదు.

నెల క్రితం ఆదివారం సాయంత్రం, అక్క గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే, కాలు ఎక్కడుందో తెలియలేదే అంది. అంటే, అని అడిగింది తను. బ్రేకు మీదుందనుకున్నా, కిందికి చూస్తేగానీ తెలియలేదు అంది. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక, మలుపు తిప్పుతుంటే, ఖాళీ బస్సు ఎగిరి గట్టెక్కి సిమెంటు బల్లని పగలగొట్టింది. బల్ల మీద ఎవరూ లేరు. అంతకు రెండు నిమిషాల ముందు ఒకావిడ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట, అప్పుడే లేచి వెళ్ళిందట. ఆ మాట చెప్పేటప్పుడు గిన్నెల చప్పుడు ఆగిపోయింది. డిపోలో టైరు జారిందని చెప్పింది అక్క. ఆ రాత్రే ఆమె అక్కని మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, బొటనవేలు పట్టుకుని పైకీ కిందికీ వంచి, పైకా కిందికా చెప్పు అంది. పదిసార్లలో ఆరుసార్లు తప్పు చెప్పింది. మధ్యలో ఒకసారి, వేలు వంచి పట్టుకుని ఉండగానే, ఇంకెంతసేపే, వంచు అంది. ఎవరికీ చెప్పకు పిచుకా అని కళ్ళు తెరిచాక అంది. ఆమె చెప్పలేదు. నెలరోజులు చెప్పలేదు. రోజూ పొద్దున్న అక్క బస్సు బయల్దేరే వేళకు గుండెల్లో రాయి పడేది, సాయంత్రం అక్క ఫోను చేస్తే తీసి పక్కన పెట్టినట్టుండేది. అయినా చెప్పలేదు.

ముప్పై ఒకటో నిమిషం. తెర మీద ఏమీ కదలడం లేదు, అన్నీ సమ్మె చేసినట్టు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ కణం కూడా పోతోందేమో. పోతే ఇంకో పద్దెనిమిది రోజులు. కొత్త కణాలు, కొత్త పళ్ళేలు, మళ్ళీ ఈ గది కోసం పడిగాపులు. ఈ గది తాళాలూ, ఎవరికెప్పుడని రాసుకునే పుస్తకమూ చూసుకునే ఆయన్ని అందరూ టైంటేబులు అంటారు, ఆయన చేత ఒక గంట మార్పించుకోవడమంటే తలప్రాణం తోకకొస్తుంది. అదే చెప్పింది అక్కకి. ఇవాళ పరీక్షకి నువ్వు పక్కన ఉండవే, నాలుగు పెద్ద పెద్ద మాటలు చెప్పు, కొంచెం నీరసం, తగ్గిపోతుందని చెప్పు, నీ మాటైతే వింటారు అని అక్క బతిమాలితే, ఆ గంట నాదక్కా, మార్చడానికి కుదరదు, ఎవరూ ఒప్పుకోరు అంది.  కుదరదా? నిన్న సాయంత్రం టైంటేబులు తనే ఎదురొచ్చి, రేపు మధ్యాహ్నం గది ఖాళీయే, కావాలంటే మార్చుకోండమ్మా, పొద్దున్న మీ ఇంట్లో ఏదో పనుందన్నారుగా అన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆ మనిషి ఎవరినీ అలా అడిగి ఉండడు. అక్కర్లేదండీ, ఫరవాలేదు అంది తను. ఎంత ఠపీమని అందో. పక్కన నిలబడితే అబద్ధం చెప్పాలి, లేకపోతే నిజం చెప్పాలి. రెంటికీ మొహం చాటేసి వచ్చి ఈ చీకట్లో కూర్చుంది, మర మీద చెయ్యేసుకుని, చుక్కల మీద విసుక్కుంటూ, అవి నేరుగా పోవడం లేదని.

ముప్పై ఎనిమిది. ఒకటి కదిలింది. కొంచెం పెద్దది, బాగా మెరుస్తోంది, కణం కడుపులోంచి వచ్చి మొదటి మొగ్గ దాటింది, ఆగలేదు, రెండోది దాటింది. ఆమె స్టూలు మీద ముందుకి వంగింది. చీలిక దగ్గర క్షణం తటపటాయించి సరైన కొమ్మ పట్టుకుంది. ఆమె మరని వెంట్రుకవాసి తిప్పింది. వెళ్తోంది. వెనక్కి తిరగడం లేదు. పదకొండు వారాల్లో ఇలా ఒక్కటి, ప్రొఫెసరుగారి బొమ్మలో బాణం ఎలా ఉందో అలాగే. వందలో ఒకటి అలా పోతుంది, పోతే మాత్రం, మిగతా తొంభైతొమ్మిదీ? వాటినేం చేస్తారు? ఈ ఒక్కటీ వ్యాసంలో పెడతారు, చప్పట్లు కొడతారు, ఆమె పేరు మొదట వేస్తారు, తొంభైతొమ్మిదింటికీ ఒంట్లో బాగాలేదంటారు. అయినా వెళ్ళాలనే ఉంది ఆమెకి, వెళ్ళు, వెళ్ళు అని పెదవులు కదులుతున్నాయి, సిగ్గు లేకుండా. అప్పుడు ఫోను బల్ల మీద గిలగిలా కొట్టుకుంది.

ఎడమచేత్తో తీసి చెవికి ఆనించుకుంది, కుడిచెయ్యి మర మీదే.

"పాస్ చేశారే పిచుకా," అంది అక్క.

వెనక ఎక్కడో టైపు కొడుతున్న చప్పుడు. అక్క గొంతు తగ్గించి గబగబా చెప్పుకుపోయింది. డాక్టరు సుత్తితో మోకాలి మీద కొట్టాడట, అటు చివరిదాకా నడిచి రమ్మన్నాడట, కాలు లాగి లాగి జాగ్రత్తగా నడిచిందట, మడమల మీద నిలబడమన్నప్పుడు బల్ల అంచు పట్టుకుందట, ఆయన కాగితం మీద ఏదో రాసుకుంటూ చూడనేలేదట. సాక్సు విప్పక్కర్లేదులెండి అన్నాడట. కాగితం సంతకానికి పక్కగదిలోకి వెళ్ళింది, రేపట్నుంచి మామూలే. చెప్పడం అయిపోయింది.  చుక్క కొసకి దగ్గరౌతోంది. బల్ల మీద చంటిపిల్లతో కూర్చున్నావిడ, ఆవిణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు, అయినా నెలరోజులుగా ఆవిడ చీర రంగు కూడా తెలిసినట్టే ఉంది.

"ఏంటే, పలకవు?"

"కళ్ళు మూసుకోమన్నాడా? వేలు పట్టుకుని చూశాడా?"

"లేదు."

టైపు చప్పుడు ఆగింది.  తర్వాత, బస్సులో దిగాల్సిన స్టాపు చెప్పేటప్పుడు మాట్లాడే మామూలు గొంతుతో అడిగింది.

"నువ్వు ఖాళీ లేక రాలేదా, రాకూడదని రాలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, ఈ గంట, ఈ గది, మార్చడానికి కుదరదు, అంతా వరసగా.

"రాకూడదని," అంది.

"అనుకున్నా. వచ్చుంటే చెప్పేసేదానివి."

"నువ్వే చెప్పక్కా. లోపలికెళ్ళి చెప్పు. బల్ల సంగతి చెప్పు."

"నా నోటితో నేనెలా చెప్పుకుంటానే." అంది అక్క. "చెబుతాననే వచ్చాను. పొద్దున్న మెట్లెక్కుతున్నంతసేపూ అదే అనుకున్నా. తీరా సాక్సు విప్పక్కర్లేదనేసరికి నోరు మూసుకున్నా. ఇదిగో, డాక్టరు బయటికొస్తున్నాడు, కాగితం చేతిలోనే ఉంది. ఫోనివ్వమంటావా?"

ఇవ్వమంటే అయిపోతుంది. పద్నాలుగేళ్ళు ఒక్క మాటతో. ఎర్రదీపం దగ్గర బస్సాపి అందరికీ చెప్పిన మనిషిని, డిపోలో ఏ బల్ల ముందో కూర్చుని పుస్తకంలో వచ్చేపోయే బస్సుల వేళలు రాసుకోమంటారు. అక్క ఏనాడూ కూర్చుని రాసే మనిషి కాదు. ఇవ్వద్దంటే రేపు పొద్దున్న ఆ బస్సు బయల్దేరుతుంది, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, ఒక్క కుదుపు ఉండదని నమ్మి. ఎందుకు తనే చెప్పాలి? చదివినందుకా? చూడాల్సినవాడు చూడకపోతే, ఆ పాపమూ తన నెత్తినేనా? కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, డాక్టరు మీద, అక్క మీద, మందు లేని రోగం మీద, వంశంలో వచ్చిన పాదాల మీద. తెర మీద చుక్కకీ కొసకీ మధ్య వేలెడు దూరం.

"ఇవ్వు," అంది.

లేచి నిలబడితేగానీ ఆ మాటలు చెప్పలేననిపించి లేచింది. ఫోను రెండుచేతులా పట్టుకుంది. అవతలి గొంతు, ఎవరండీ అంది, తొందరలో ఉన్న గొంతు. చెల్లెల్ని, అంది. డాక్టరా అని అడిగాడు, అక్క చెప్పే ఉంటుంది. కాదండీ, అంటే ఆ డాక్టరు కాదు, అంది. మరి మీకేం తెలుసు అన్నాడు, పొగరుగా కాదు, నిజంగానే అడిగాడు. ఆమె చెప్పింది. నాన్న నడక చెప్పింది, పాదం వంపు చెప్పింది, పదిలో ఆరుసార్లు తప్పిన సంగతి చెప్పింది, బ్రేకనుకుని తొక్కిందేమిటో చెప్పింది, బల్ల గురించి చెప్పింది. ఒక్క ముక్క మింగలేదు. కళ్ళు మూయించి వేలు పట్టుకుని చూడండి, రెండు నిమిషాల పని, అంది.  తర్వాత, సాక్సు విప్పండమ్మా అని ఆయన ఎవరితోనో అనడం వినిపించింది, ఫోను ఎక్కడో పెట్టినట్టు ఠక్కుమంది.

తెర వంక చూసింది. అంతా పచ్చటి పొగ. కొమ్మ లేదు, కొస లేదు. కూర్చుని మర తిప్పితే కణం మళ్ళీ తేలింది, ఆ పెద్ద చుక్క మాత్రం ఎక్కడా కనబడలేదు. కొసకి చేరిందో, చివరి నిమిషంలో వెనక్కి తిరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. ఫోను చెవి దగ్గరే ఉంది, కాలివేలి గురించి ఎవరో పైకా కిందికా అని అడుగుతుంటే, అక్క జవాబులు చెప్తోంది, ఒక్కొక్కటీ నింపాదిగా, పైకి, కిందికి, కిందికి, పైకి, తెలియడం లేదండీ, తెలియడం లేదు.

చాలాసేపటికి ఫోను తీసుకుంది అక్క. కాగితం చింపేశాడని చెప్పింది. బండి నడపనివ్వరు, పెద్దాసుపత్రికి రాస్తున్నాడు, మంచివాడే పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు అంది. ఆమె ఏదో అనబోతే, ఓదార్చకు, నన్నిప్పుడు ఓదార్చావంటే చంపేస్తా అంది.

"నీ పని అయిందా?"

"లేదు. పాడైంది."

"నా వల్లా?"

"కాదులే. అది మంచిగా వచ్చినా తప్పే అయ్యేది. ప్రొఫెసరుగారికి చెప్పాలి ఆ ముక్క. మిగతా తొంభైతొమ్మిదీ చూపించి చెప్పాలి."

"చెప్పు మరి. ఇవాళ నోరు బాగానే లేచింది కదా." అక్క ముక్కు ఎగబీల్చింది.  "పిచుకా, వచ్చి నన్ను తీసుకెళ్ళవే. పన్నెండున్నరకి నా బస్సే వస్తుంది ఇటు. ఇంకెవరో నడుపుతుంటే, అందులో ఒక్కదాన్నే కూర్చుని రాలేను."

ఆమె రికార్డింగు ఆపి, ఉన్నది ఉన్నట్టు దాచి, లేజరు కట్టేసి, తెర తప్పించుకుని బయటికొచ్చింది. ఎండకి కళ్ళు మూతపడ్డాయి. వరండాలో టైంటేబులు గడియారం చూసుకుని, ఇంకా ఎనిమిది నిమిషాలుందమ్మా మీకు అన్నాడు. ఎవరికైనా ఇచ్చేయండి అని చెప్పి మెట్ల మీద పరుగెత్తింది.